యాసంగి వరికి ఆరుతడి: చేసినవాళ్లు కాస్త చెప్పండి

నర్సంపేట దగ్గర మాది మూడెకరాలు, ఒకటే బోరు. 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు వస్తున్నా మా వైపు చాలామంది ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటర్‌ను దానంతటదే నడిపించేవి) తీయలేదు. మడి నిండి ఒడ్డు మీదుగా పారినా మోటర్ నడుస్తూనే ఉంటుంది. ఎండలు ముదిరాక అవే బోర్లు ఆగి ఆగి పోస్తాయి. పొట్ట దశలో పైరు ఎండుతుంటే ఒకటే టెన్షన్. బిల్లు రాదు సరే, భూమిలో నీళ్లు ఎవరు నింపాలి?

ఈసారి సగం మక్క, సగం వరి అనుకుంటున్నాను. వరిలో ఆరుతడి అంటే చిల్లుల పైపు పాతి, నీళ్లు నేల మట్టం కింద 15 సెంటీమీటర్ల లోతుకు దిగాకే మళ్లీ తడి పెట్టాలంటారు. పూతప్పుడు ఆరనివ్వొద్దని తెలుసు. కానీ నల్లరేగడి నెర్రెలిస్తే నీళ్లు ఇంకా ఎక్కువ తాగదా? కలుపును ఎట్లా ఆపారు? అన్నిటికన్నా ముఖ్యంగా, పక్క బోర్లవాళ్లను ఎట్లా ఒప్పించారు?