‘వియేనెస్’ ఎక్కడ, ‘వేంగాస్’ ఎక్కడ? స్పానిష్ తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

ఆర్నెల్లుగా స్పానిష్ నేర్చుకుంటున్నా. సబ్జంక్టివ్ (ఆశ, కోరిక, సందేహం లాంటివి చెప్పేటప్పుడు వాడే క్రియారూపం) దగ్గర బండి ఆగిపోయింది. ‘నువ్వొస్తావని ఆశిస్తున్నా’ అనబోయి ‘ఎస్పేరో కే వియేనెస్’ అన్నా. టీచర్ దాన్ని సబ్జంక్టివ్ రూపం ‘వేంగాస్’గా దిద్దారు. మన ‘రావాలని’ లాంటిదేలే అనుకుని, తెలుగులో ‘-ఆలని’ వచ్చిన చోటల్లా అదే వాడేశా. తీరా ‘నేను వెళ్ళాలనుకుంటున్నా’కి ‘కియేరో ఇర్’ అట! కోరేదీ వెళ్ళేదీ ఒక్కరే అయితే మామూలు ధాతురూపం చాలట. సరే, అదీ ఒప్పుకున్నా.

అసలు చిక్కు సలహాలతో. ‘ఇది రుచి చూడు’ అని చెప్పడానికి ‘తే రెకోమియెందో కే ప్రుయేబెస్’, ‘తే రెకోమియెందో ప్రొబార్’ రెండూ విన్నా. ఇక్కడ మనుషులు ఇద్దరు కదా, రెండోదాంట్లో ధాతురూపం ఎలా కుదిరింది? అలాగే ‘ఓహలా వేంగా’, ‘ఓహలా వినియేరా’ (రెండూ ‘వస్తే బాగుండు’ అనే): రెండోది వస్తారన్న ఆశ తక్కువున్నప్పుడేనా?