చీలిపోతున్న బ్లాక్‌చైన్‌లో మైనర్లకు ఓటు ఉండాలా?

కృష్ణలంక నోడు (విజయవాడ):

మొన్న లబ్బీపేటలో కలిసినప్పుడు తెగని వాదాన్ని ఇక్కడికి తెస్తున్నాను. ఒక బ్లాక్‌చైన్ (ఎన్నో కంప్యూటర్లలో ఒకే ప్రతిగా ఉండే లావాదేవీల చిట్టా) నియమాలు మార్చాలా వద్దా అని గొడవ వచ్చి చైన్ రెండుగా చీలే పరిస్థితి ఏర్పడిందనుకోండి. ఏ చైన్ అసలుదో మైనర్ల చేత ఓటు వేయించి తేల్చవచ్చా? ఆ రోజు వచ్చినవారిలో ఎక్కువమంది తేల్చవచ్చన్నారు. నేను ససేమిరా అన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

మైనరు పని లావాదేవీలను వరుసలో పెట్టి, బ్లాకు కట్టి, కరెంటు ఖర్చయ్యే భారీ లెక్కలు చేసి దానికి ముద్ర వేయడం. గుంటూరు మిర్చి యార్డులో కాటా పడనిదే బస్తా కదలదు. అయినా కాటా వేసే మనిషి బరువు చెబుతాడే తప్ప ధర నిర్ణయించడు. మైనరు స్థానం కూడా అంతే. నియమాలను సరిచూసేది నోడు (చిట్టా ప్రతి ఉంచుకుని సరిచూసే కంప్యూటర్) నడిపేవారు, ఆ కాయిన్‌ను డబ్బుగా ఒప్పుకొనేవారు.

ఓటు వేసినవారు దానికి కట్టుబడతారన్న హామీ అయినా ఉందా? 2015 జూలై 4న బిట్‌కాయిన్‌లో జరిగింది చూడండి. సంతకాల ఆకృతిని కట్టుదిట్టం చేసే ఒక సాఫ్ట్ ఫోర్కుకు (ఉన్న నియమాలను బిగించే మార్పు) 95 శాతం బ్లాకులు, మైనర్లు వాటిలో పెట్టిన గుర్తుతో, సమ్మతి తెలిపాయి. నియమం అమలులోకి రాగానే ఒక చిన్న మైనరు పాత పద్ధతిలో చెల్లని బ్లాకు తీశాడు. కొత్త నియమానికి సరేనన్న, మైనర్లు కలిసి పనిచేసే పెద్ద పూల్‌లలో కొన్ని దాన్ని సరిచూడకుండానే దానిమీద బ్లాకులు పేర్చుకుంటూ పోయాయి. ఆరు బ్లాకుల పొడవు చెల్లని చైన్ తయారైంది. సమ్మతి గుర్తు పెట్టారు గానీ ఆ నియమాన్ని పాటిస్తున్నామో లేదో చూసుకోలేదు. అలాంటి గుర్తును ప్రజాభిప్రాయమని నేను నమ్మలేను.

అరండల్‌పేట రిగ్గు (గుంటూరు):

నోడు గారూ, మా మేడమీద గదిలో గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం చైన్ కాయిన్ అయిన ఈథర్ తీసినవాణ్ని. గుంటూరు మే నెలలో ఆ గది తలుపు తీస్తే వేడి ముఖాన కొట్టేది. కార్డుల మెమరీ చిప్పులు వేడెక్కి వేగం పడిపోతుంటే, పెడస్టల్ ఫ్యాను ఎదురుగా పెట్టి, రాత్రి చల్లబడ్డాకే పూర్తి వేగంతో నడిపేవాణ్ని. కరెంటు బిల్లు కట్టింది నేను, చైన్‌కు కాపలా కాసింది నాలాంటివాళ్లు. మా మాటకు విలువ లేదంటే ఎలా?

సరే, మా సంగతి పక్కన పెడతాను. మరి ఎవరిని లెక్కపెడతారు? నోడులనా? అద్దె సర్వర్లు తీసుకుని ఒక్కడే వెయ్యి నోడులు నిలబెట్టగలడు. మనుషులనా? గుర్తింపు కార్డు అడగకపోవడం మీదే ఈ వ్యవస్థ అంతా నడుస్తోంది. కాయిన్లనా? 2020లో స్టీమ్ అనే చైన్‌లో ఏమైందో తెలుసు కదా. అక్కడి పాలనా ఓటింగులో, కాయిన్లు కొనుగోలు అమ్మకాలు జరిపే కొన్ని పెద్ద ఎక్స్‌ఛేంజీలు ఖాతాదారులు తమ దగ్గర ఉంచిన టోకెన్లతోనే ఓటు వేసేశాయి. అది నచ్చనివారు విడిపోయి హైవ్ పేరుతో వేరే చైన్ పెట్టుకున్నారు. దొంగలెక్క చూపలేనిది మైనర్లు చేసే పని ఒక్కటే. బిట్‌కాయిన్‌ను ప్రతిపాదించిన 2008 నాటి పత్రం కూడా ఒక ప్రాసెసరుకు ఒక ఓటు అన్న ఆలోచనతోనే మొదలైంది.

ఇంకొకటి. 2013 మార్చిలో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ 0.8, 0.7 కూర్పుల మధ్య తేడా వచ్చి చైన్ చీలింది. పెద్ద పూల్‌లు తమ సంపాదన వదులుకుని పాత కూర్పుకు తిరిగి రాబట్టే కొన్ని గంటల్లో సర్దుకుంది. ఆ రాత్రి ఆ పని ఇంకెవరు చేయగలిగేవారు?

పటమట లెక్కలు (విజయవాడ):

రిగ్గు గారూ, 2013 ఉదాహరణ మీ వాదానికి పనికిరాదు. అది అనుకోకుండా వచ్చిన సాఫ్ట్‌వేర్ లోపం. ఏ చైన్ కావాలన్న అభిప్రాయభేదమే అక్కడ లేదు, త్వరగా ఒకటి కావాలన్నదే అందరి కోరిక. మనం మాట్లాడుతున్నది మనుషులు నిజంగా విభేదించినప్పటి సంగతి.

మీరు పూల్‌లో చేరి తీశారు కదా? బ్లాకులో ఏమి ఉండాలో, ఏ గుర్తు పెట్టాలో నిర్ణయించేది పూల్ సర్వరు. మీ కార్డులు లెక్క చేసి పంపాయి, అంతే. మీ పేరుమీద పడిన ఓటు పూల్ యజమానిది. నచ్చకపోతే పూల్ మారవచ్చంటారు, నిజమే. 2014లో జీహ్యాష్ అనే పూల్ మొత్తం మైనింగు శక్తిలో సగం దాటినప్పుడు చాలామంది వదిలి వెళ్లారు. కానీ అది చైన్ భద్రతకే ముప్పు వచ్చినప్పుడు జరిగింది. ఒక నియమం గురించిన ఓటులో ఎంతమంది పూల్ మారే శ్రమ తీసుకుంటారు?

ఇక 2018 నవంబరు 15. బిట్‌కాయిన్ క్యాష్ అనే వేరే కాయిన్ చైన్ చీలినప్పుడు రెండు పక్షాలూ పోటీపడి హ్యాష్ శక్తిని (మైనింగు లెక్కలు చేసే శక్తిని) పోగుచేశాయి. అందులో కొంత బిట్‌కాయిన్ మైనింగు నుంచి మళ్లించి తెచ్చిందే, ఎందుకంటే రెండింటికీ పనికొచ్చేది ఒకే రకం మిషన్లు. ఆ కాయిన్‌తో సంబంధం లేని శక్తి వచ్చి ఆ కాయిన్ భవిష్యత్తు మీద ఓటు వేయడం న్యాయమా? ఇంతా చేసి తేలిందేమీ లేదు, రెండు చైన్లూ మిగిలాయి.

ఇక్కడ నా దగ్గరకు పన్ను లెక్కలకు వచ్చేవాళ్లు ఎక్కువగా చిన్న ఉద్యోగులు, దుకాణాలవాళ్లు. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తగ్గించుకోవడానికి వీల్లేదు. ఎక్కడో నాలుగు పూల్‌లు కలిసి తీసుకున్న నిర్ణయంతో వీళ్ల చేతిలోని కాయిన్ విలువ కూలితే ఆ దెబ్బ పూర్తిగా వీళ్లదే. వీళ్లకు లేని ఓటు పూల్ యజమానికి ఎందుకు?

తాడేపల్లి:

2016లో ఎథీరియం ఎలా తేల్చింది? నేను అప్పటికి ఇందులో లేను.

కృష్ణలంక నోడు:

క్లుప్తంగా చెబుతాను. ఆ ఏడు జూన్ 17న ద డీఏఓ అనే నిధి కోడ్‌లోని లోపం పట్టుకుని ఒకడు 36 లక్షలకు పైగా ఈథర్ మళ్లించాడు. మొదట ఆ డబ్బు కదలకుండా ఆపే సాఫ్ట్ ఫోర్కు అనుకున్నారు. దానికి మైనర్ల చేతనే ఓటు వేయించారు కూడా: బ్లాకు గ్యాస్ పరిమితిని (ఒక బ్లాకులో పట్టే పని మోతాదును) 40 లక్షల కిందికి దించితే ఒప్పుకున్నట్టు. మద్దతు వస్తుండగానే ఆ కోడ్‌లో నెట్‌వర్కును స్తంభింపజేసే లోపం బయటపడి విరమించుకున్నారు. ఆ తరువాత ఆ డబ్బును వెనక్కి తెచ్చే హార్డ్ ఫోర్కు (పాత నోడులు చెల్లదనే నియమ మార్పు) మీద కాయిన్ల ఓటు పెట్టారు. పోలైనదాంట్లో 85 శాతానికి పైగా అనుకూలం, కానీ మొత్తం ఈథర్‌లో పదో వంతు కూడా పాల్గొనలేదు. జూలై 20న 19,20,000వ బ్లాకు దగ్గర ఫోర్కు జరిగింది. ఒప్పుకోనివారు పాత చైన్‌నే ఎథీరియం క్లాసిక్‌గా కొనసాగించారు. అంటే మైనర్ల ఓటూ కాయిన్ల ఓటూ రెండూ జరిగాయి, అయినా చీలిక ఆగలేదు.

అరండల్‌పేట రిగ్గు:

అయితే 2022 సెప్టెంబరు 15 గురించి కూడా మాట్లాడుకుందాం. ఆ రోజు ఎథీరియం మైనింగును పూర్తిగా ఎత్తేసి కాయిన్లు తాకట్టు పెట్టే పద్ధతికి మారింది. ఏళ్ల తరబడి ఆ చైన్‌ను నిలబెట్టినవారి చేత ఒక్క ఓటైనా వేయించలేదు. కొన్నాళ్లు క్లాసిక్ తీసి, గిట్టుబాటు కాక కార్డులు అమ్ముకున్నాను. నష్టం నాదని ఏడవడం లేదు. కానీ పని చేసినవాడిని అడగకుండా పని తీసేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పటమట లెక్కలు:

మీ బాధ అర్థమైంది, తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ అదే ఉదాహరణ తిప్పి చూడండి. మైనర్ల ఓటు తప్పనిసరి అయి ఉంటే ఆ మార్పు ఎన్నటికీ వచ్చేది కాదు. ఆ ఒక్క మార్పుతో నెట్‌వర్కు కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. తమ ఆదాయాన్ని తామే రద్దు చేసుకొమ్మని ఎవరినైనా ఓటు అడిగితే ఏమి చెబుతారు? ఇష్టపడని మైనర్లు పాత పద్ధతిలో వేరే చైన్ నడుపుకున్నారు, వారిని ఎవరూ ఆపలేదు. విడిపోయే స్వేచ్ఛ వారికి ఉంది. మిగతావారిని ఆపే హక్కు మాత్రం ఉండకూడదు.

కృష్ణలంక నోడు:

ఆపే హక్కు అనగానే సెగ్‌విట్ అనే బిట్‌కాయిన్ నియమ మార్పు సంగతి చెప్పాలి. 2,016 బ్లాకుల గడువులో 95 శాతం రావాలన్నది షరతు. అంటే ఐదు శాతం మించినవారు కాదంటే చాలు, ఆగిపోతుంది. నెలల తరబడి అలాగే ఆగింది. ఒక రకం మైనింగు వెసులుబాటు చాటుగా వాడుకోవడానికి సెగ్‌విట్ అడ్డొస్తుందని 2017 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. ఆ అనుమానం వచ్చిన మైనింగు చిప్పుల కంపెనీ దాన్ని వాడలేదని చెప్పింది. వాడినా వాడకపోయినా, స్వప్రయోజనం ఉన్న చోట ఓటు ఉంటే ఈ అనుమానం తప్పదు. చివరికి వాడుకరులు ఆగస్టు 1 గడువు పెట్టి తమ నోడులలో నియమం అమలు చేస్తామన్నాక కదలిక వచ్చి, ఆగస్టు 24న అమలైంది. అదే ఏడు మే నెలలో 80 శాతానికి పైగా హ్యాష్ శక్తి మద్దతుతో కుదిరిన, బ్లాకు పరిమాణాన్ని రెట్టింపు చేసే సెగ్‌విట్2ఎక్స్ ఒప్పందం నవంబరు 8న రద్దయింది. అంత బలం ఉండీ వాడుకరులు రాకపోతే నిలబడలేదు.

అరండల్‌పేట రిగ్గు:

మరి అంత బలం ఉండీ గెలవలేదంటే, మా ఓటు వల్ల ప్రమాదం ఏముంది? లెక్కపెట్టండి, చూడండి, వద్దనుకుంటే మానేయండి.

కృష్ణలంక నోడు:

లెక్కపెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. అందరూ ఒప్పుకున్న మార్పును ఏ బ్లాకు నుంచి అమలు చేయాలన్నది మైనర్ల సంసిద్ధత చూసి నిర్ణయించడం మంచి పద్ధతి. 2021లో ట్యాప్‌రూట్ అనే బిట్‌కాయిన్ మార్పుకు 90 శాతం గుర్తులు జూన్‌లోనే వచ్చాయి, నవంబరు 14న సాఫీగా అమలైంది. వివాదం ఉన్నచోట ఆ లెక్కనే తీర్పుగా చూపించి, ఎక్స్‌ఛేంజీలు దాన్ని బట్టి పాత పేరు ఏ చైన్‌కు ఇవ్వాలో నిర్ణయించడమే నేను వద్దనేది.

అరండల్‌పేట రిగ్గు:

ఇంతవరకు ఒప్పుకుంటాను. ఒక్క షరతు: బిట్‌కాయిన్‌ను, మిగతావాటిని ఒకే గాటన కట్టకండి. నా కార్డులు పది నిమిషాల్లో మరో కాయిన్‌కు మారగలిగేవి, కాబట్టి నా ఓటు బరువు తక్కువని మీరంటే కాదనలేను. బిట్‌కాయిన్ మిషన్ కొన్నవాడికి ఆ దారి దాదాపు లేదు. ఆ చైన్ పడిపోతే వాడి పెట్టుబడి ఇనుప తుక్కే. అలాంటివాడిని కూడా కాయిన్ కొని ఎక్స్‌ఛేంజీలో పడేసినవాడి కన్నా వెనక నిలబెట్టే వాదం మీలో ఎవరైనా చెప్పగలిగితే, వచ్చే ఆదివారం గుంటూరు నుంచి నేనే వస్తాను.