ధ్యానం నేర్చుకుంటున్నారు కదా, మందు మాన్పించే బిళ్ళలు ఆపేయవచ్చా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మా వారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. ఆసుపత్రిలో ఉండి తాగుడు మాని ఇంటికి వచ్చారు. ఇప్పుడు కౌన్సెలర్ దగ్గర మైండ్‌ఫుల్‌నెస్ (ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు గమనించే ధ్యానం) నేర్చుకుంటున్నారు. తాగాలనిపించినప్పుడు ఆ కోరికనే గమనించమంటున్నారట. అలా గమనిస్తూ కూర్చుంటే ఇంకా పెరుగుతుందేమోనని నా భయం. మా అత్తగారేమో "ధ్యానం చేస్తున్నాడుగా, ఇంకా బిళ్ళలెందుకు" అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు (విజయవాడ, ఆటోనగర్ నుంచి):
అమ్మా, బిళ్ళలు ఆపనివ్వకండి. ఎప్పుడు ఆపాలో రాసిచ్చిన డాక్టరే చెప్పాలి.

నేను లేత్ పని చేస్తాను. సాయంత్రం షట్టరు దించి, చేతుల గ్రీజు కడుక్కుంటుంటే తాగాలన్న కోరిక మొదలవుతుంది. నోట్లో నీళ్ళూరతాయి, దవడలు బిగుసుకుంటాయి, ఛాతీలో ఒకటే తొందర. ఇదివరకు "తాగకూడదు, తాగకూడదు" అని దానితో పోట్లాడేవాణ్ణి. పోట్లాడినకొద్దీ మనసంతా సీసా చుట్టూనే తిరిగేది. ఇప్పుడు స్టాండు వేసిన బండి మీదే కూర్చుంటాను. ఎక్కడుంది ఇది? గొంతులోనా, పొట్టలోనా? వేడిగా ఉందా, లాగుతోందా? మధ్యమధ్య ముక్కు దగ్గర ఊపిరి తగలడం చూస్తాను. మీ భయం నిజమే, ముందు పెరుగుతుంది. కానీ పెరిగినది కాసేపటికి దానంతటదే దిగుతుంది. చుక్క పడకుండానే దిగుతుందని ఒంటికి తెలిసిరావాలి, అందుకే ఇదంతా.

అలన్ మార్లాట్ అనే అమెరికా మనస్తత్వవేత్త దీన్ని కెరటం మీద తేలడంతో పోల్చాడు. ఆయన బృందం రూపొందించిన శిక్షణ 8 వారాలు ఉంటుంది. దాని మూలాలు బౌద్ధుల ధ్యాన పద్ధతి అయిన విపశ్యనలో ఉన్నాయి. అమరావతి పక్కన ఉన్నవాళ్ళం, మనకిది పరాయి విద్య కాదు.

ఒక్క మాట. గమనించమన్నారని వైన్ షాపు ముందు నిలబడి గమనించకూడదు. నేను ఇప్పటికీ చుట్టు తిరిగి వేరే దారిలోనే ఇంటికి వెళతాను.

జవాబు (గుంటూరు నుంచి, నర్సును):
పై మాటలతో ఏకీభవిస్తున్నాను. 2014లో అమెరికాలో 286 మందిపై జరిగిన అధ్యయనంలో, ఏడాది తర్వాత చూస్తే మామూలు పద్ధతుల్లో ఉన్నవారికంటే ఈ శిక్షణ పొందినవారు తక్కువ తాగారు. అయితే వారంతా తొలి దశ చికిత్స పూర్తయినవారే. రోజూ తాగే మనిషి ధ్యానాన్ని నమ్ముకుని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు. దానికి ఆసుపత్రే దారి. ఇంకొకటి, మందు పడకుండా చేసే డైసల్ఫిరామ్ బిళ్ళను ఎవరో చెప్పారని కూరలో కలిపి పెట్టకండి. తెలియక దానిపై తాగితే గుండె మీదికి వస్తుంది. సలహా కావాలంటే వ్యసనాలు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోను చేయండి.

ప్రశ్న అడిగినవారు:
మా అత్తగారికి చదివి వినిపించాను. బిళ్ళలు ఇక ఆమే గుర్తుచేస్తానన్నారు. మరి యార్డులో పదిమంది మధ్య ఉన్నప్పుడు కోరిక పుడితే కళ్ళెలా మూసుకుంటారు?

జవాబు (ఆటోనగర్ నుంచి):
కళ్ళు మూసుకోనక్కరలేదమ్మా. బస్తాల మధ్య నడుస్తూనే అరికాళ్ళు నేలకు ఆనడం గమనించమనండి. ఎవరికీ తెలియదు కూడా. అప్పటికీ తగ్గకపోతే అక్కడి నుంచి బయటపడి మీకు ఫోను చేయమనండి.