ముంపు ఊరి రచ్చచెట్టును కొత్త కాలనీకి తరలించాలా?

పాటిదిబ్బ:
పోలవరం ముంపు ఊళ్ల మీద ఇక్కడ జరుగుతున్న చర్చలో ఒక డిమాండ్ వచ్చింది. ఊరి నడుమ ఉన్న పెద్ద చెట్టును క్రేన్లతో లేపి, పునరావాస కాలనీలో నాటించాలని. నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

మాది శ్రీశైలం ముంపు కుటుంబం. 1981లో ఆ జలాశయం కోసం వంద దాకా ఊళ్లు ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. పాపనాశనం గుళ్లనూ తరలించారు. అంతకుముందు నాగార్జునకొండ కట్టడాలకూ అదే జాగ్రత్త దక్కింది. ఊళ్లకు దక్కలేదు.

మా రచ్చ దగ్గర రావి, వేప ఒకదాన్నొకటి చుట్టుకుని పెరిగాయని మా అవ్వ చెప్పేది. రెంటికీ పెళ్లి చేశారు. మాను మొదలు దగ్గర నాగుల రాళ్లు, చుట్టూ బండల అరుగు. ఎండాకాలం మధ్యాహ్నాలు ముసలివాళ్లు పులిజూదం ఆడి ఆడి, ఆ గీతలు బండలో గాడి పడ్డాయట. తగవులు తెగేది అక్కడే, కూలి డబ్బులు పంచేది అక్కడే. ఊరు లేచాక అన్నదమ్ములు కూడా తలో చోటికి పోయారు. కొందరు ఆత్మకూరు, కొందరు కర్నూలు, కొందరు ఎక్కడో ఎవరికీ తెలియదు. ఆ చెట్టును అప్పుడే ఎత్తి ఆత్మకూరులో నాటినా, దాని కింద కూర్చోవాల్సినవాళ్లు ఏరీ?

కాబట్టి మన మొదటి పట్టు ఊరంతా ఒక్కచోట ఉండాలన్న దాని మీదే ఉండాలి. రెండోది అరుగు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్ చూడండి. పునరావాస గ్రామంలో ఉండాల్సిన వసతుల్లో, ప్రతి యాభై కుటుంబాలకు అందరూ కూడేందుకు చెట్టు అరుగు కూడా ఉంది, అదీ పాత ఊరి కొలతలకు తగ్గట్టు. రోడ్డు, నీళ్ల ట్యాంకు అడిగినంత గట్టిగా దీన్ని ఎవరూ అడగడం లేదు. నాకు బాధ కలిగించేది అదే.

గోదావరి గట్టు:
పాటిదిబ్బ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరు చెట్టును కూర్చునే చోటుగా చూస్తున్నారు. మా వైపు అలా కాదండి. గోదావరి ఒడ్డున కోయల, కొండరెడ్ల ఊళ్లలో చాలాచోట్ల దేవతకు గుడి ఉండదు. చెట్టు కిందే రాయి, అక్కడే కొలుపు. కొత్త మామిడి పండుగ చేయకుండా కాయ నోట పెట్టరు. రాతి గుడిని తరలించడానికి ఖర్చు పెట్టిన ప్రభుత్వం, చెట్టే గుడి అయినవాళ్లకు ఎందుకు పెట్టదు? మెట్రో కోసం హైదరాబాద్‌లో చెట్లను తవ్వి వేరేచోట నాటలేదా? నగరంలో సాధ్యమైనది ఏజెన్సీ అనేసరికి ఎందుకు అసాధ్యమవుతుంది?

పచ్చిరొట్ట:
నేను నర్సరీ పనిలో ఉన్నాను, పని సంగతి మాత్రమే చెబుతాను. చెట్టు నీళ్లు పీల్చేది దూరంగా పాకిన సన్నవేళ్లతో. తరలింపులో తెగేవి అవే. అందుకే కొమ్మలు కూడా దాదాపు మోడు అయ్యేదాకా కొట్టాలి, లేకపోతే ఆకులకు నీళ్లు చాలవు. అంటే బతికినా కొన్నేళ్లు నీడ ఉండదు. మర్రి, రావి జాతి కొంత తట్టుకుంటాయి. ముసలి చింత తట్టుకోవడం కష్టం. లోపల తొర్రపడిన మాను క్రేన్ తాడు బిగిస్తేనే చీలిపోవచ్చు. ఇక ఊడలు దిగి పెద్ద మానులైన మర్రిని లేపడం జరిగే పని కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఉన్నచోటనే 2017 చివర్లో కొమ్మ విరిగి పడితే, మరుసటి ఏడాది చెదల మందును సెలైన్ సీసాలతో ఎక్కించి కాపాడుకోవాల్సి వచ్చింది.

పాటిదిబ్బ:
గట్టు గారూ, చెట్టే గుడి అన్న మాటను నేను కాదనను. ఆ లెక్కన నిర్ణయం నాదీ కాదు, ఇంజనీరుదీ కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే ఏజెన్సీ ఊళ్లలో, ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే హక్కు 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. చెట్టును కదిలించాలా, వదిలేయాలా, పూజ చేసి సెలవు తీసుకోవాలా అన్నది ఆ ఊరే తేల్చాలి. నా భయం ఒక్కటే. మోడును లారీ మీద ఊరేగించి ఫొటో తీయించుకుంటారు, అది రెండేళ్లకు ఎండిపోతుంది, అరుగు మాత్రం ఎవరూ కట్టరు.

వారసత్వం కావాలంటే మొక్కతో తెచ్చుకోవచ్చు. మర్రికి తొలకరిలో లావాటి కొమ్మ నాటితే వేరు పడుతుంది, అది అదే చెట్టు. రావికి కొమ్మ అంత సులువుగా పట్టదు. కానీ పాత గోడ పగుళ్లలో, దిగుడుబావి రాళ్ల సందుల్లో దాని మొలకలు తప్పకుండా దొరుకుతాయి. ఖాళీ చేసే ముందే కుండీలకు ఎత్తాలి.

చింతతోపు:
అసలు డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. పట్టా భూమిలో చెట్టుకు విలువ కట్టి, దాని మీద నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కలిపి యజమానికి ఇస్తారు. గ్రామకంఠంలో, పోరంబోకులో ఉన్న ఊరి చెట్టుకు ఇంటి పేరు లేదు, అందుకే ఎవరి చేతికీ రూపాయి రాదు. చింతకాయ వేలం మీద పంచాయతీకి ఏటా ఆదాయం వచ్చే ఊళ్లున్నాయి. ఆ విలువ కూడా కట్టించి, కొత్త ఊరి ఉమ్మడి ఖాతాలో వేయించాలి.

గోదావరి గట్టు:
మొక్కల మాటకు సరేనండి, గ్రామసభలో పెడతాం. చింతతోపు గారి లెక్క కూడా. అయితే తరలింపు డిమాండ్ నేను వదలను. ఏ ఊరు కావాలంటే ఆ ఊరికి, ఖర్చు ప్రాజెక్టుదే. ఇంకొకటి కూడా తీర్మానంలో రాయాలి. జలాశయం లోపలి చెట్లు కొట్టే కాంట్రాక్టు ఇచ్చినప్పుడు, దేవత చెట్టు మీద గొడ్డలి పడేముందు ఆ ఊరివాళ్లకు తేదీ రాతపూర్వకంగా చెప్పాలి. కొలుపు చేసుకోవడానికి ఒక పూట, మొలకలు ఎత్తుకోవడానికి ఒక వానాకాలం ఇవ్వాలి.