అప్‌డేట్: కొత్త కెర్నల్‌తో వైఫై వచ్చేసింది

కొత్త ల్యాప్‌టాప్‌లో క్యూబ్స్ ఓఎస్ (ఒక్కో పనిని ఒక్కో వర్చువల్ మెషీన్‌లో, అంటే వీఎంలో, విడిగా నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే వైఫై కార్డు కనపడట్లేదు, మూత వేసి తీస్తే స్క్రీన్ నల్లగానే ఉంటోంది అని అడిగాను కదా, రెండూ సెట్ అయ్యాయి. బైరాగిపట్టెడలో మా బావ వాళ్లింట్లో లాన్ కేబుల్ తగిలించి, మీరు చెప్పినట్టే డామ్‌జీరోలో (మొత్తం సిస్టమ్‌ని అదుపు చేసే ప్రధాన భాగం) కొత్త కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే ఓఎస్ మూలభాగం, ఇచ్చే కెర్నల్-లేటెస్ట్ ప్యాకేజీ వేశా. స్క్రీన్ బాగైంది గానీ వైఫై ససేమిరా అంది. ఎందుకంటే ఇందులో వైఫై కార్డు డామ్‌జీరో చేతిలో ఉండదు, సిస్-నెట్ అనే వేరే వీఎం చేతిలో ఉంటుంది, దాని కెర్నల్ వేరు! వీఎంలకు కొత్త కెర్నల్ ఇచ్చే కెర్నల్-లేటెస్ట్-క్యూబ్స్-వీఎం ప్యాకేజీ కూడా డామ్‌జీరోలోనే వేసి, సిస్-నెట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కెళ్లి కొత్త వెర్షన్ ఎంచుకుని రీస్టార్ట్ చేస్తే పక్కింటి వాళ్ల వైఫైలతో సహా అన్నీ వచ్చేశాయి. బూట్ కాకపోతే ఎలా అని టెన్షన్ వద్దు, పాత కెర్నల్ గ్రబ్ మెనూలో (ఆన్ చేయగానే దేనితో బూట్ అవ్వాలో ఎంచుకునే మెనూ) అలాగే ఉంటుంది. ఆఫీసు పని చేసే వీఎంలకు మాత్రం పాతదే ఉంచా, బాగా నడిచేదాన్ని కెలకడం ఎందుకు.