రామాయణం తరువాత అరుణ్ గోవిల్‌కు సినిమా వేషాలు ఎందుకు తగ్గాయి?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
నమస్కారం. 1987లో నేను ఆరో తరగతి చదువుతున్నాను. మా వీధిలో మూడిళ్ళలోనే టీవీ ఉండేది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలుకాకముందే ఎదురింటి వరండాలో చెప్పులు గుట్టపడేవి. ఆ ఇంటి మామ్మగారు టీవీకి బొట్టు పెట్టి, రాముడి వేషంలో అరుణ్ గోవిల్ తెరపై కనబడగానే హారతి పళ్ళెం ఎత్తేవారు. హిందీ ముక్క రాని ఆవిడకు, ప్రచార సభ పరీక్షలు రాసిన కోడలు పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పేవారు. రాముడంటే ఎన్టీ రామారావు గారే అనుకుంటూ పెరిగిన కృష్ణా జిల్లాలో కూడా అంతటి మన్నన పొందిన ఈ నటుడు తరువాత పెద్ద సినిమాలలో ఎందుకు కనిపించలేదు? రాముడి పాత్రతోనే నటన ఆరంభించటం వలన వేరే అనుభవం లేకపోయిందా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
చివరి మాటను మాత్రం సరిదిద్దాలండీ. మీరట్‌లో పుట్టిన ఆయన 1977లోనే ‘పహేలీ’తో సినిమాలలోకి వచ్చారు, 1979లో రాజశ్రీ నిర్మాణ సంస్థ వారి ‘సావన్ కో ఆనే దో’ ఆయనకు కథానాయకుడిగా మంచి పేరు తెచ్చింది. రామాయణం తీసిన రామానంద్ సాగర్ గారే దూరదర్శన్‌కు తీసిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’లో, మనం చందమామలో చదివిన ఆ విక్రమార్కుడు ఈయనే. కాబట్టి అనుభవానికి కొదవ లేదు. రాముడి పాత్ర తరువాత తనను మామూలు పాత్రలలో ప్రేక్షకులు ఒప్పుకోరని నిర్మాతలు వెనుకాడారని ఆయనే చెప్పుకొన్నారు. హరిశ్చంద్రుడు, బుద్ధుడు వంటి పాత్రలే ఎక్కువగా ఆయన దగ్గరకు వచ్చాయి.

జవాబు (గవర్నర్‌పేట, విజయవాడ):
ఎన్టీఆర్ గారి ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట చెప్పాలనిపిస్తున్నది. ఆయన 1958లో ‘భూకైలాస్’లోనూ, 1961లో ‘సీతారామ కల్యాణం’లోనూ రావణుడిగా నటించి, 1963లో ‘లవకుశ’లో రాముడయ్యారు; నడుమ సాంఘిక చిత్రాలూ చేస్తూనే ఉన్నారు. అందువలన ఏ ఒక్క వేషమూ ఆయనను కట్టి పడేయలేదు. గోవిల్ గారి సంగతి వేరు. 1987 జనవరి 25 నుండి 1988 జులై 31 వరకు, 78 భాగాల పాటు, వారం వారం మన ఇంటిలోకే వచ్చిన ముఖం అది. వేరే ఛానల్ లేని రోజులలో, అదే చిరునవ్వును, అదే నిదానమైన మాటను ఏడాదిన్నర చూసిన కళ్ళకు ఆయన ప్యాంటు చొక్కాలో కనిపిస్తే నచ్చుతుందా? షూటింగ్ విరామంలో సిగరెట్ కాలుస్తుండగా ఒక ప్రేక్షకుడు దగ్గరకు వచ్చి తన భాషలో కోపంగా ఏదో అన్నాడనీ, ‘మిమ్మల్ని రాముడిగా కొలుస్తుంటే మీరిలా చేస్తారా’ అని దాని అర్థం అని తెలిశాక ఆ అలవాటు మానేశాననీ ఆయనే ఇంటర్వ్యూలలో చెప్పారు. ఆ కట్టుబాటును ఆయన బరువుగా కాక బాధ్యతగా మోయటం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

జవాబు (పట్టాభిపురం, గుంటూరు):
రాజకీయాలలోనూ ఆయన తొందరపడలేదు. సీత వేసిన దీపికా చిఖలియా బరోడా నుండి, రావణుడు వేసిన అరవింద్ త్రివేదీ సాబర్‌కాంఠా నుండి 1991లోనే లోక్‌సభకు వెళ్ళగా, గోవిల్ గారు 2024లో సొంత ఊరు మీరట్ నుండి ఎన్నికయ్యారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ వేసినప్పుడు, ఎదురింటి కోడలు గారు, ఇప్పుడు తానే మామ్మ, మనవళ్ళకు అలాగే ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతుండగా మా కిటికీలోంచి విన్నాను. విక్రమార్కుడిగా ఆయన నటించిన భాగాలు నేను చూడనే లేదు. ఈ ఆదివారం చూస్తాను.