అప్‌డేట్: గ్రాబా, సీజా? తేలింది

పోయిన వారం అడిగింది నేనే. "పోలీసులు గంజాయి పట్టుకున్నారు" అన్న వార్తను ఇంగ్లీషులోకి మారుస్తూ "గ్రాబ్డ్" అని రాస్తే డెస్క్‌లో అందరూ నవ్వారు, ఎందుకో చెప్పమన్నాను. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

"సీజ్డ్" అని మార్చాక కాపీ, అంటే నేను రాసిన వార్త, పాసైంది. అధికారంతో స్వాధీనం చేసుకుంటే సీజ్, గబుక్కున చేత్తో అందుకుంటే గ్రాబ్. "బండి సీజ్ చేశారు" అని రోజూ అంటూనే ఉంటాం, రాసేటప్పుడు మాత్రం బుర్రకు తట్టదు! 1982 నాటి ఆంధ్రప్రదేశ్ భూకబ్జాల చట్టం ఇంగ్లీషు పేరులో ఉన్నది "ల్యాండ్ గ్రాబింగ్". అంటే కబ్జాదారుది గ్రాబ్, పోలీసుది సీజ్. కానీ దీన్నే పట్టుకుని వేలాడకూడదు, సైన్యం తిరగబడి గద్దెనెక్కినా "సీజ్డ్ పవర్" అనే రాస్తారు. గొలుసు తెంపుకుపోతే స్నాచ్, అది మనకు తెలిసిందే.

నాకు నిజంగా కొత్త సంగతి "ఎట్". "గ్రాబ్డ్ ద రోప్" అంటే తాడు చేతికి చిక్కింది. "గ్రాబ్డ్ ఎట్ ద రోప్" అంటే అందుకోబోయాడు, అంతే. చిక్కిందని అర్థం రాదు. స్నాచ్, క్లచ్ కూడా ఇలాగే. ఇంకొకటి, "అతని కాలర్ పట్టుకున్నాడు" అంటే "సీజ్డ్ హిమ్ బై ద కాలర్". ముందు మనిషి, తర్వాత కాలర్. నేను "బై హిజ్ కాలర్" అని టైపు కొట్టబోయి ఆగాను.

అన్నట్టు, ఆయిల్ లేక పిస్టన్ బిగుసుకుపోతే మెకానిక్ "ఇంజన్ సీజైంది సార్" అంటాడు చూడండి, అదీ ఈ మాటే. సీజ్ స్పెల్లింగ్‌లో ముందు ఈ (e), తర్వాత ఐ (i). నిన్న మళ్లీ తిరగేసి రాశాను.